పాత బండి, తరగని ప్రీమియం

ఎఫ్‌సి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు దగ్గరపడిన పికప్ బండ్లు పొద్దున్నే ఆర్టీఏ ఆఫీసు ముందు బారులు తీరతాయి. తుప్పు కనపడకుండా పూసిన కొత్త పెయింటు, వెనక తళతళలాడే రేడియం స్టిక్కర్లు, బంపరుకు వేలాడే నిమ్మకాయా మిరపకాయలూ. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చేలోగా కాగితాలన్నీ సిద్ధం కావాలి. రోడ్డుకు అవతల జిరాక్సు తీసే కొట్లోనే ఇన్సూరెన్సు కూడా కడతారు. అక్కడ ఏటా అదే బేరం.

“అన్నా, బండి అమ్మితే లక్షన్నర రాదు. ఇన్సూరెన్సుకే పదహారు వేలా?”

“ఉత్త థర్డ్ పార్టీయే తమ్ముడూ. ఇంతకన్నా దిగదు.”

“నిరుటికన్నా బండి ఒక ఏడు ముసలిదయింది కదన్నా. రేటు దిగొద్దా మరి?”

అడిగేవాడి లెక్కలో తప్పేమీ లేదు. ముసలి ఎద్దుకు సంతలో ధర తగ్గుతుంది, పాత ఇంజనుకు షెడ్డులో ధర తగ్గుతుంది. బీమాకు మాత్రం ఎందుకు తగ్గదు? చట్టం పట్టుబట్టి కట్టించే ఈ బీమాకు బండి బాగోగులతో పనిలేదు. దాని చూపంతా బండికి ఎదురుపడే మనిషి మీద. ఆ చూపు ఇవాళ్టిది కాదు, మోటారు బీమా పుట్టిన రోజునుంచీ ఉన్నదే.

కథ గుర్రాల కాలంలో మొదలవుతుంది. 1898లో అమెరికాలోని బఫెలో నగరానికి చెందిన డాక్టర్ ట్రూమన్ మార్టిన్ ట్రావెలర్స్ కంపెనీకి 12 డాలర్ల 25 సెంట్లు కట్టి, తన మోటారు బండికి 5,000 డాలర్ల పాలసీ తీసుకున్నారు. కార్లకంటూ ఫారాలు ఇంకా అచ్చు కాలేదు గనుక గుర్రపు బండ్ల ఫారాన్నే కంపెనీ అటూ ఇటూ సర్ది ఇచ్చింది. డాక్టరుగారి కారుకు సొట్ట పడితే ఆ పాలసీ చిల్లిగవ్వ ఇవ్వదు. ఆ కారు మోతకు ఎవరి గుర్రమో బెదిరి బగ్గీ తిరగబడి, వాళ్లు కోర్టుకెక్కితే ఆదుకుంటుంది. అప్పటి వీధుల్లో కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, గుర్రాలు కోకొల్లలు. భయం ఎటువైపు ఉండాలో అటువైపే ఉంది.

పాతికేళ్లు తిరిగేసరికి గుర్రాలు తప్పుకున్నాయి, కార్లు రోడ్డంతా ఆక్రమించాయి, కొత్త చిక్కొకటి వచ్చిపడింది. కాలు పోగొట్టుకున్నవాడు కోర్టులో గెలుస్తాడు. గుద్దినవాడి దగ్గర కానీ ఉండదు. చేతిలో డిక్రీ కాగితం మిగులుతుంది. మసాచుసెట్స్ రాష్ట్రం దీనికి మందు కనిపెట్టింది: 1927 జనవరి 1 నుంచి, అవతలివాడికి కలిగే నష్టానికి బీమా కడితేనే బండికి రిజిస్ట్రేషను. బ్రిటన్ 1930లో రోడ్డు ట్రాఫిక్ చట్టం చేసి మరుసటి ఏడు నుంచి అదే బాట పట్టింది. ఓనరు, కంపెనీ మొదటి ఇద్దరు. దెబ్బ తిన్నవాడు మూడోవాడు. ‘థర్డ్ పార్టీ’ అనే మాట అలా రోడ్డెక్కింది.

మన దేశంలో 1914 నాటి మోటారు వాహనాల చట్టంలో బీమా ఊసే లేదు. 1939 చట్టం ఎనిమిదో అధ్యాయంలో బ్రిటిష్ పద్ధతినే తెచ్చిపెట్టారు కానీ, అది అమలులోకి రావడానికి 1946 జూలై 1 దాకా ఆగాల్సివచ్చింది. ప్రభుత్వ బండ్లను వదిలేశారు. రవాణా సంస్థలు సొంతంగా నిధి ఏర్పాటు చేసుకుంటే వాటికీ మినహాయింపు ఇవ్వొచ్చన్నారు. ఆ వెసులుబాటు నేటి చట్టంలోనూ ఉంది. బస్టాండు ముందు వందలాది బస్సులున్న సంస్థకు దొరికే దారి, అదే బస్టాండు ముందు ఒకే ఒక్క ట్రాలీ నడుపుకునేవాడికి దొరకదు.

ఆ తొలి రోజుల్లో కంపెనీ నెత్తిన పడే భారం చిన్నదే. సరుకు లారీ వల్ల ఒక ప్రమాదంలో ఎంతమందికి నష్టం జరిగినా మొత్తం కలిపి 20,000 రూపాయలు మించి కంపెనీ ఇవ్వనక్కరలేదు. 1969 సవరణతో అది 50,000 అయింది, 1982 సవరణతో లక్షన్నర. ఈలోగా 1956 సవరణతో ప్రమాద పరిహారాల కోసమే ప్రత్యేక ట్రిబ్యునళ్లు వచ్చాయి. 1973 నుంచి సాధారణ బీమా అంతా జాతీయమై, 107 కంపెనీలు కలిసి నాలుగయ్యాయి: కలకత్తా నేషనల్, బొంబాయి న్యూ ఇండియా, ఢిల్లీ ఓరియంటల్, మద్రాసు యునైటెడ్ ఇండియా. రేట్లన్నీ టారిఫ్ పుస్తకంలో ఉన్నట్టే. ఏ కంపెనీ గడప తొక్కినా అదే ధర కాబట్టి బేరమన్న మాటే లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే చిన్న సరుకు బండ్లు తెలుగు రోడ్ల మీదికి వచ్చాయి. 1980ల్లో జపాను కంపెనీలతో చేతులు కలిపి దేశంలో నాలుగు చోట్ల తేలిక లారీల కర్మాగారాలు పెడితే, అందులో ఒకటి మన జహీరాబాదులోని ఆల్విన్ నిస్సాన్. హైదరాబాదు ఆల్విన్ అంటే ఫ్రిజ్‌లూ వాచీలూ గుర్తొచ్చే తరానికి, ఆ పేరుతో లారీ కూడా తిరిగిందని చెబితే ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. తర్వాత ఆ కర్మాగారం మహీంద్రా చేతికి వెళ్లింది. 1986లో టాటా 407 దిగింది. 2005లో టాటా ఏస్ దిగాక ఇక చెప్పనక్కరలేదు. అరటి గెలల దగ్గర్నుంచి వినాయకుడి విగ్రహం దాకా అన్నీ దానిమీదే ఊరేగాయి. ఆటో నడిపినవాడు ఓనరయ్యాడు. లారీ ఓనర్ల సంఘం మొహం చూడనివాళ్లు లారీ లెక్కల్లోకి వచ్చిపడ్డారు.

ఆ మాట ఊరికే అన్నది కాదు. బీమా పుస్తకంలో సరుకు బండ్లకు మొదటి మెట్టు 7,500 కిలోల దాకా. సరుకుతో కలిపి ఒకటిన్నర టన్ను తూగే ఏస్, బొలేరో పికప్, ఏడు టన్నులు తూగే బండి, అన్నీ ఒకే మెట్టు మీద నిలబడాలి. మూడు చక్రాల ట్రాలీకి వేరే రేటుంది గానీ, నాలుగో చక్రం తగిలించుకున్న మరుక్షణం బుడ్డ బండి కూడా లారీయే.

అసలు మలుపు 1988 చట్టం. అది 1989 జూలై 1న అమలైంది (1946, 1989, ఆ తర్వాత టారిఫ్ పుస్తకం కొత్తగా వచ్చిన 2002, మూడింటికీ జూలై ఒకటో తేదీయే, మోటారు వ్యవహారాలకు ఆ తేదీ మీద అంత మక్కువెందుకో!). మరణానికి, గాయాలకు కంపెనీ ఇచ్చే సొమ్ముకు ఉన్న హద్దును ఆ చట్టం ఎత్తేసింది. చనిపోయినవాడి వయసు, సంపాదన, అతని మీద ఆధారపడ్డవాళ్ల సంఖ్య చూసి ట్రిబ్యునల్ ఎంతంటే అంత. ఖర్చుకు హద్దు లేదు, రాబడికి మాత్రం ప్రభుత్వం గీసిన గీత ఉంది. కంపెనీలకు సరుకు బండ్ల థర్డ్ పార్టీ అంటే కంటగింపైంది. 2007 జనవరి 1 నుంచి సొంత నష్టం బీమాకు టారిఫ్ తీసేసి, ఎవరి రేటు వాళ్లు పెట్టుకోండన్నారు. థర్డ్ పార్టీని వదల్లేదు. నష్టాన్ని అన్ని కంపెనీలూ పంచుకోవడానికి పెట్టిన ఉమ్మడి పూల్ అయిదేళ్లు నడిచి 2012లో మూతపడింది. 2011 నుంచి ఈ రేట్లను సవరించే పని హైదరాబాదులో ఉన్న బీమా నియంత్రణ సంస్థ చేసేది. బషీర్‌బాగ్ పరిశ్రమ భవన్ నుంచి వెలువడిన అంకెకు దేశంలోని లారీలన్నీ తలవంచాయి. 2018 జూలైలో దేశమంతటా లారీలు ఎనిమిది రోజులు ఆగిపోయినప్పుడు డీజిలు, టోలు ధరలతో పాటు థర్డ్ పార్టీ ప్రీమియం కూడా డిమాండ్లలో ఉంది. 2019లో మొదటి మెట్టు రేటు 15,746 రూపాయలు. 2022 జూన్ 1 నుంచి కేంద్ర రవాణా శాఖ ప్రకటించింది 16,049. దాని మీద జీఎస్టీ 18 శాతం నుంచి 12కి, 2025 సెప్టెంబరులో 5 శాతానికి దిగింది. పాత బండి ఓనరుకు ఇటీవల దక్కిన నికరమైన తగ్గింపు అదొక్కటే.

అంత కట్టాక ఎవరికి రక్షణ? ఇక్కడే పికప్ కథ లారీ కథ నుంచి విడిపోతుంది, ఎందుకంటే పికప్ ఎక్కేది సరుకొక్కటే కాదు. మిరప కోతకు కూలీలు, పెళ్లికి చుట్టాలు, జాతరకు ఊరివాళ్లు, కోళ్లూ మేకలతో సహా. వీళ్లంతా చట్టానికి ‘సరుకు బండిలో ప్రయాణికులు’. 1994 సవరణ సరుకు యజమానిని, అతని తరఫు మనిషిని పాలసీలోకి తెచ్చింది: టమాటా క్రేట్లతో మదనపల్లె మార్కెట్టుకు వెళ్లే రైతుకు రక్షణ ఉంది. మరి పెళ్లివాళ్ల సంగతి? 1999లో సత్పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వాళ్లకూ బీమా వర్తిస్తుందంది. మూడేళ్లకు, 2002లో ఆశారాణి కేసులో అదే కోర్టు మరింత పెద్ద ధర్మాసనంతో ఆ తీర్పును తోసిపుచ్చింది. సరుకు బండిలో ఊరికే ఎక్కినవాళ్లకు కంపెనీ బాధ్యత లేదు. 2004లో బల్జీత్ కౌర్ కేసులో, అప్పటికే చిక్కుకున్న కుటుంబాలకు ముందు కంపెనీ చెల్లించి తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోవాలని చెప్పారు. అంటే బోల్తాపడ్డ పెళ్లి బండి ఓనరుకు లక్షల నోటీసు. పొరుగింటి పెళ్లికి డీజిలు ఖర్చు మాత్రం తీసుకుని బండి తోలిన మొహమాటానికి అది వెల.

లైసెన్సు తగాదా కూడా ఈ 7,500 కిలోల చుట్టూనే తిరిగింది. మామూలు తేలిక వాహనాల లైసెన్సున్నవాడు పికప్ నడిపితే, ట్రాన్స్‌పోర్టు బ్యాడ్జీ లేదంటూ కంపెనీలు చెల్లింపు తప్పించుకోజూసేవి. 2017లో ముకుంద్ దేవాంగన్ కేసు ఆ వాదనను కొట్టేసింది, 2024 నవంబరు 6న అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది.

ఇక ‘ఫుల్ ఇన్సూరెన్సు’. ఏజెంటు ఆ మాట అనగానే పాత బండి ఓనరు నవ్వేస్తాడు. అతని నవ్వులో న్యాయం ఉంది. టారిఫ్ పుస్తకం లెక్కన కొత్త బండి విలువ నాలుగేళ్లు నిండి అయిదో ఏట నడిచేసరికి సగానికి పడుతుంది. అయిదేళ్లు దాటితే పట్టికే లేదు, ఓనరూ కంపెనీ మాట్లాడుకుని తేల్చుకోవాలి. క్లెయిము దగ్గర పదేళ్లు దాటిన బండి ఇనుప సామానుకు సగమే ఇస్తారు. పోనీ రోజూ గీసుకుపోయే బంపరు, మడ్‌గార్డు, హెడ్‌లైటైనా వస్తాయా అంటే, సరుకు బండికి అవి లెక్కలోకి రావు; ‘ఐఎంటీ 23’ అనే అదనపు ముక్క కొంటేనే వస్తాయి. అందుకే షెడ్డులో వెల్డింగు చేయించుకుని, కాగితాలకు థర్డ్ పార్టీ కట్టుకోవడమే చవకని ఊళ్లన్నీ తేల్చేశాయి. దాంట్లో దొరికే సందులూ చిన్నవే. అవతలివాడి ఆస్తి నష్టానికి ఉన్న ఏడున్నర లక్షల హామీని చట్టం అడిగే కనీసం 6,000కు తగ్గించుకుంటే 200 రూపాయలు మిగులుతాయి. ఎదురుగా వచ్చేది కోటి రూపాయల కారైతే ఆ రెండొందలు ఏ మూలకు?

సొంత నష్టం మీద వచ్చే నో క్లెయిం బోనస్ థర్డ్ పార్టీకి వర్తించదు. జీతానికి నడిపే డ్రైవరు కోసం పాలసీలో కలిపే మొత్తం 50 రూపాయలు. వింత ఏమిటంటే, వయసును గౌరవించే నిబంధన ఇదే 2022 ప్రకటనలో ఒకటుంది: వింటేజ్ కారుగా నమోదైన సొంత కారుకు థర్డ్ పార్టీ ప్రీమియంలో 50 శాతం రాయితీ. దుప్పటి కప్పుకుని గ్యారేజీలో నిద్రపోయి, ఏడాదికోసారి ఊరేగింపుకు బయటికొచ్చే కారది. రోజూ రైతుబజారుకు పరుగెత్తే పాత పికప్‌తో దాన్ని పోల్చకూడదని బీమా లెక్క తెలిసినవాళ్లు అంటారు. రోడ్డు మీద ఎక్కువ తిరిగే బండి ఎక్కువమందికి ఎదురుపడుతుంది కదా మరి. 1898 నాటి లెక్క ఇంకా చెక్కుచెదరలేదు.

దేశంలో సగానికి పైగా బండ్లు బీమా లేకుండానే తిరుగుతున్నాయని ప్రభుత్వ లెక్కలే ఒప్పుకున్నాయి. వాటిలో అత్యధికం బైకులు. పట్టుబడితే మొదటిసారి 2,000, ఆపైన 4,000 జరిమానా. బైకువాడు సందుల్లోంచి తప్పించుకుంటాడేమో గానీ పికప్‌వాడికి ఆ వీలు లేదు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఎఫ్‌సి ఉండాలి, ఎఫ్‌సికి ఇన్సూరెన్సు ఉండాలి.

జిరాక్సు కొట్లో కుర్రవాడు కంప్యూటరులో వివరాలు నింపుతున్నాడు. బండి నంబరు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు. తయారైన సంవత్సరం దగ్గర ఆగి, “ఏ మోడలన్నా?” అని అడిగాడు. 2009 అన్నాడు ఓనరు, సీ బుక్కు ముందుకు జరుపుతూ. కుర్రవాడు ఆ గడి నింపి కిందికి జరిగాడు. తెర మీది అంకె కదల్లేదు.