మూసీ మీద నాలుగంతస్తుల రైలు కూడలి

బళ్లారిలో హైదరాబాదు బస్సెక్కినవాళ్లు తుంగభద్ర దాటి, కృష్ణ దాటి, చివరకు మూసీ నడుమ ఉన్న మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ (ఎంజీబీఎస్)లో దిగుతారు. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక బళ్లారి మద్రాసు ఏలుబడిలోకి వెళ్లింది. 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఏలికలు మారినా వైద్యానికీ చదువుకూ బేరసారాలకూ హైదరాబాదు దారి మాత్రం తెగలేదు. ఆ దారి ముగిసేచోటే ఇప్పుడు రెండు మెట్రో మార్గాలు ఒకదానిపై ఒకటి దాటుతున్నాయి. హైదరాబాదు మెట్రోలో మార్గాలు కలిసే స్టేషన్లు మూడు: అమీర్‌పేట, పరేడ్ గ్రౌండ్, ఎంజీబీఎస్. నగర చరిత్ర మొత్తం ఒకేచోట కనబడేది మూడోదానిలోనే. ఈ స్టేషన్ ఎత్తును నిర్ణయించినవాళ్లు ఇంజినీర్లు మాత్రమే కారు. ఒక నది, ఒక వరద, ఒక బస్టాండు కలిసి నిర్ణయించాయి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం పిలిపించింది. ఆయన సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు వాడలను సరిచేసి రోడ్లు తీర్చింది. నదికి కళ్లెం పడిందన్న నమ్మకంతో ఒడ్డుల మీద ఆసుపత్రి, హైకోర్టు, బడులు లేచాయి. నగరం నదికి దగ్గరగా జరిగింది.

బస్సులూ ఆ ఒడ్డుకే చేరాయి. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగాన్ని మొదలుపెట్టింది. రైలు నడిపే సంస్థే బస్సులనూ నడపడం ఆనాటి విశేషం. గౌలిగూడలోని ఇనుప రేకుల పెద్ద హ్యాంగరు బస్టాండు అయింది. జిల్లాల బస్సులు పెరిగి ఆ షెడ్డు చాలకపోయేసరికి, పక్కనే నది మధ్య లంకలో, ఇమ్లీబన్‌లో, 1994లో డెబ్భైకి పైగా ప్లాట్‌ఫారాలతో కొత్త బస్‌స్టేషన్ కట్టారు. పాత హ్యాంగరు 2018 జులైలో కుప్పకూలింది.

నగరంలో రైలును నేల మీంచి పైకి ఎత్తాలన్న ఆలోచన పాతదే. న్యూయార్క్ 1868లోనే ఆ పని మొదలుపెట్టింది. షికాగో 1892లో, లివర్‌పూల్ 1893లో ఆ బాట పట్టాయి. మన దేశంలో చెన్నై 1995లో బీచ్ నుంచి చేపాక్ వరకూ, కొంత భాగం ఎత్తు మార్గంగా, రైలు నడిపింది. ఢిల్లీ మెట్రో 2002లో షాదరా, తీస్ హజారీల మధ్య మొదటి రైలును నడిపిన దారిలోనూ కొంత భాగం వంతెన మీదే. హైదరాబాదు 2003లో ఎంఎంటీఎస్ అనే స్థానిక రైళ్లను తెచ్చుకుంది కానీ అవి ఉన్న పట్టాలనే వాడుకున్నాయి. రద్దీ వాడల్లోకి వెళ్లాలంటే కొత్త బాట కావాలి. సొరంగం తవ్వాలంటే కింద గట్టి నల్లరాయి, పైగా ఖర్చు రెండింతలు దాటుతుంది. అందుకే మూడు మార్గాలనూ పూర్తిగా స్తంభాల మీదే వేయాలని నిర్ణయించారు.

అయినా దారి సాఫీగా సాగలేదు. 2008లో టెండరు దక్కించుకున్న మేటాస్ బృందంతో ఒప్పందం మరుసటి ఏడాది రద్దయింది. 2010 సెప్టెంబరు 4న ఎల్ అండ్ టీ సంస్థతో కొత్త ఒప్పందం కుదిరింది. రోడ్డు మధ్య విభాగినిలో ఒక్కొక్క స్తంభం నిలబెట్టి, యార్డులో పోతపోసిన కాంక్రీటు ముక్కలను తెచ్చి పైన కూర్చారు. చాలా స్టేషన్లకు కూడా ఆ నడిమి స్తంభాల వరసే ఆధారం. వాటి నుంచి రెండు వైపులా చేతులు చాచినట్టు అంతస్తులు బయటికి వస్తాయి. కింద వాహనాలకు అడ్డు తగ్గుతుంది.

ఎంజీబీఎస్‌లో ఆ సూత్రం ఒక్కటే సరిపోలేదు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే ఎరుపు మార్గం ఉస్మానియా మెడికల్ కాలేజీ వైపు నుంచి వచ్చి మలక్‌పేటకు సాగిపోతుంది. జూబ్లీ బస్‌స్టేషన్ (జేబీఎస్) నుంచి వచ్చే ఆకుపచ్చ మార్గం సుల్తాన్ బజార్ మీదుగా దిగి దానిని అడ్డంగా దాటాలి. కాబట్టి కింది రెండు అంతస్తులు ఎరుపు మార్గానికి, పై రెండు ఆకుపచ్చ మార్గానికి కేటాయించారు. ఒక్కో జతలో కింద టికెట్ల హాలు, పైన ప్లాట్‌ఫారాలు. మార్గం మారేవాళ్లు బయటికి రానక్కర్లేదు, మెట్లో లిఫ్టో ఎస్కలేటరో ఎక్కితే చాలు. బస్‌స్టేషన్ నుంచి నేరుగా నడిచి రావడానికి పైవంతెన ఉంది. పల్లె నుంచి మూటాముల్లెతో వచ్చిన ముసలావిడకు అన్నిటికన్నా అక్కరకొచ్చేది ఆ నడకదారి, ఆ లిఫ్టు.

2018 సెప్టెంబరు 24న ఎరుపు మార్గం ఈ స్టేషన్ మీదుగా ఎల్బీనగర్ చేరింది. 2020 ఫిబ్రవరి 7న ఆకుపచ్చ రైలు జేబీఎస్ నుంచి వచ్చి ఇక్కడే ఆగింది. అసలు ప్రణాళికలో అది ఫలక్‌నుమా దాకా సుమారు 15 కిలోమీటర్లు వెళ్లాలి. నడుస్తున్నది దాదాపు 11. పాతబస్తీలో ఇరుకు వీధులు, మసీదులు, మొహర్రం జరిపే ఆషుర్‌ఖానాలు, ఆస్తుల సేకరణ మీద ఏళ్ల తరబడి వాదాలు నడిచాయి. ముందుకు సాగిపోయే రైలు కోసం కట్టిన పై అంతస్తు చివరి స్టేషన్‌గానే మిగిలింది. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పాతబస్తీ మార్గానికి శంకుస్థాపన చేశారు.

2025 సెప్టెంబరు చివరి వారంలో ఒక రాత్రి, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గేట్లు ఎత్తడంతో మూసీ మళ్లీ పొంగింది. ఎంజీబీఎస్ ఆవరణలోకి నీళ్లు వచ్చాయి. ప్రయాణికులను ఖాళీ చేయించాల్సి వచ్చింది. విశ్వేశ్వరయ్య నదికి కేటాయించిన చోటును మనం తర్వాత ఆక్రమిస్తూ వచ్చామని ఆ రాత్రి రుజువు చేసింది. రైలును స్తంభాల మీదికి ఎత్తితే రైలు తడవదు. కానీ ఆ రైలు ఎక్కడానికి వచ్చే మనిషి నేల మీదే నడవాలి.

అందుకే ఎంజీబీఎస్ విషయంలో రెండు పనులు జతగా జరగాలని నా వాదన. నదికి దాని దారి తిరిగివ్వాలి. ఆకుపచ్చ మార్గాన్ని, కట్టడాల విలువ చెడకుండా, ఫలక్‌నుమా వైపు నడిపించాలి. చార్మినార్‌ను చూడడానికి ప్రపంచం వస్తుంది, దాని చుట్టూ బతికే లక్షల మందికి మాత్రం మెట్రో పొరుగూరి వైభవంలాగే ఉంది. ఈ కూడలి కోసం పెట్టిన ఖర్చులో వాళ్ల వాటా కూడా ఉంది. ఆ వాటా వాళ్లకు చేరినప్పుడే ఈ నాలుగు అంతస్తులూ పూర్తిగా పనికొచ్చినట్టు.