సార్వత్రిక పాఠశాల విద్య

'''సార్వత్రిక పాఠశాల విద్య''' అనగా ప్రతిరోజూ బడికి వెళ్ళనవసరం లేకుండా, దూరవిద్యా పద్ధతిలో పదవ తరగతి, ఇంటర్మీడియట్ స్థాయి చదువులను పూర్తి చేసే విధానం. తెలుగునాట దీనిని '''ఓపెన్ స్కూల్''' అనీ, ఇందులోని చదువులను ఓపెన్ టెన్త్, ఓపెన్ ఇంటర్ అనీ వ్యవహరిస్తారు. ఉత్తీర్ణత పొందిన పాఠ్యాంశాల క్రెడిట్లను ఒక్కొక్కటిగా కూడబెట్టుకొనే వీలుండడం దీని ముఖ్య లక్షణం.

== చరిత్ర ==
భారతదేశంలో ఈ విధానం 1979లో కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలి (సి.బి.ఎస్.ఇ.) చేపట్టిన ప్రయోగాత్మక పథకంతో మొదలయింది. 1986 నాటి జాతీయ విద్యా విధానాన్ని అనుసరించి, 1989 నవంబరులో కేంద్ర ప్రభుత్వం నేషనల్ ఓపెన్ స్కూల్‌ను స్వయంప్రతిపత్తి గల సంస్థగా నెలకొల్పింది. పరీక్షలు జరిపి ధ్రువపత్రాలు ఇచ్చే అధికారం దానికి 1990లో లభించింది. 2002లో దాని పేరు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్ (ఎన్.ఐ.ఓ.ఎస్.) గా మారింది. ప్రధాన కార్యాలయం ఉత్తర ప్రదేశ్ లోని నోయిడాలో ఉంది.

ఆంధ్ర ప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం 1991లో ఏర్పడింది. ఇది 2008-09లో పదవ తరగతిని, 2010-11లో ఇంటర్మీడియట్‌ను ప్రారంభించింది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత తెలంగాణకు వేరుగా సార్వత్రిక విద్యాపీఠం ఏర్పడింది.

== ప్రవేశం ==
ఎన్.ఐ.ఓ.ఎస్. లో సెకండరీ (పదవ తరగతి) కోర్సుకు కనీస వయస్సు 14 సంవత్సరాలు, సీనియర్ సెకండరీకి 15 సంవత్సరాలు. గరిష్ఠ వయోపరిమితి లేదు. అందువలన మధ్యలో బడి మానినవారు, పనులకు వెళ్ళేవారు, గృహిణులు, క్రీడాకారులు, వికలాంగులు ఏ వయస్సులోనైనా చదువును తిరిగి అందుకోవచ్చు. సీనియర్ సెకండరీలో చేరడానికి పదవ తరగతి ఉత్తీర్ణత తప్పనిసరి.

== క్రెడిట్ల విధానం ==
ధ్రువపత్రం పొందడానికి కనీసం ఒక భాషతో కలిపి ఐదు పాఠ్యాంశాలలో ఉత్తీర్ణులు కావాలి. ఒక్కొక్క పాఠ్యాంశంలో ఉత్తీర్ణతకు 33 శాతం మార్కులు రావాలి. నమోదు ఐదు సంవత్సరాల పాటు చెల్లుతుంది. ఆ గడువులో తొమ్మిది పర్యాయాలు పబ్లిక్ పరీక్షలు వ్రాసే అవకాశం ఉంటుంది.

సాధారణ విధానంలో కొన్ని బోర్డులు, నిర్ణీత సంఖ్యకు మించి పాఠ్యాంశాలు తప్పిన విద్యార్థి అన్ని పరీక్షలనూ మళ్ళీ వ్రాయాలని కోరతాయి. ఇక్కడ అలా కాదు. ఒక పర్యాయం రెండింటిలో ఉత్తీర్ణులైనవారు వాటి క్రెడిట్లను నిలుపుకొని, మిగిలిన మూడింటిని తమ వీలును బట్టి తరువాత వ్రాసుకోవచ్చు. ఒకటి తప్పినా, సాధించినది చేజారదు.

గుర్తింపు పొందిన మరొక బోర్డు పరీక్షలో తప్పినవారు, అక్కడ ఉత్తీర్ణులైన పాఠ్యాంశాలలో రెండింటి వరకు క్రెడిట్లను ఇక్కడికి బదిలీ చేసుకోవచ్చు. ఉదాహరణకు తెలుగు, సాంఘిక శాస్త్రం బదిలీ అయినవారికి మూడు పాఠ్యాంశాలు మాత్రమే మిగులుతాయి.

== బోధన, పరీక్షలు ==
అభ్యాసకులకు స్వయంగా చదువుకొనేందుకు వీలుగా వ్రాసిన పాఠ్యపుస్తకాలు ఇస్తారు. అధ్యయన కేంద్రాలలో పరిమిత సంఖ్యలో తరగతులు జరుగుతాయి. ఇంటివద్ద వ్రాసి సమర్పించే అసైన్‌మెంట్లకు 20 శాతం ప్రాధాన్యం ఉంటుంది. పబ్లిక్ పరీక్షలు ఏటా రెండుసార్లు జరుగుతాయి.

== గుర్తింపు ==
ఎన్.ఐ.ఓ.ఎస్. ధ్రువపత్రం ఇతర బోర్డుల ధ్రువపత్రాలతో సమానం. అయితే ఒకప్పుడు ఓపెన్ స్కూల్ విద్యార్థులకు వైద్య విద్యా ప్రవేశ పరీక్ష (నీట్) వ్రాసే అర్హత నిరాకరించారు. ఆ నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది.

== పరిమితులు ==
ప్రతిరోజూ ఉపాధ్యాయుని పర్యవేక్షణ లేనందున చదువు బాధ్యత చాలావరకు అభ్యాసకునిదే. విజ్ఞాన శాస్త్రాల ప్రయోగాలకు అధ్యయన కేంద్రంపై ఆధారపడవలసి ఉంటుంది. ఐదేళ్ళ గడువు దాటితే మరల చేరవలసి వస్తుంది కనుక, ఏ పర్యాయం ఏ పాఠ్యాంశం వ్రాయాలో ముందుగా నిర్ణయించుకోవడం అవసరం.

== ఇవి కూడా చూడండి ==
* దూరవిద్య
* ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం