వాన బకెట్, నాలా విస్తరి: చిక్కడపల్లిలో ఒక వాతావరణ పాఠం

వాతావరణ మార్పు అనగానే ప్రతి వీడియోలోనూ ఒక తెల్ల ఎలుగుబంటి, దాని కింద కరిగిపోతున్న మంచుగడ్డ వచ్చేస్తాయి. పాపం, దానికి ఇవాళ సెలవిద్దాం. చిక్కడపల్లి, అశోక్ నగర్, నారాయణగూడ వైపు తిరుగుతూ అదే కథ చెప్పుకుందాం.

ముందు ఈ బొమ్మ చూడండి. పైన గీసింది హుస్సేన్ సాగర్. 1562 ప్రాంతంలో, ఇబ్రహీం కుతుబ్ షా హయాంలో కట్టిన చెరువు. ఈ కింద గీత మూసీ. చెరువు నిండితే నీళ్లు ఎటు పోవాలి? అలుగు దాటి దోమలగూడ, అశోక్ నగర్, బాగ్ లింగంపల్లి, నల్లకుంట మీదుగా మూసీలో కలవాలి. ఆ దారే నాలా. కాలనీలన్నీ దాని తర్వాత వచ్చినవే. ఇప్పుడు మనం "నీళ్లు మా ఇంట్లోకి వచ్చాయి" అంటున్నాం. నీళ్లకే నోరుంటే "ముందు మా ఇంట్లోకి వచ్చింది ఎవరండీ?" అని అడుగుతాయి. నల్లకుంటలో కుంట ఎక్కడని అడగండి, బస్టాప్ చూపిస్తారు.

"వరదలు కొత్తేం కాదు కదా" అంటారు కొందరు. నిజమే. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి దాదాపు 15,000 మంది పోయారని అంచనా. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన సలహాతో వరద నీటిని ఊరికి పైనే ఆపడానికి 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. అంటే మన పెద్దలు దెబ్బ తిన్నాక నీళ్లకు చోటు చూపించారు. మనం దెబ్బ తిన్నాక ఏం చేశాం?

2000 ఆగస్టు 24న ఒక్కరోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన పడింది. అశోక్ నగర్, దోమలగూడ, హిమాయత్ నగర్ మునిగాయి. 2020 అక్టోబర్ 13న మళ్లీ ఒక్కరోజులో 19 సెంటీమీటర్ల దాకా కురిసింది.

ఇక సైన్సు. బొగ్గు పొగ భూమిని వేడెక్కిస్తుందని స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ 1896లోనే లెక్క కట్టాడు. పరిశ్రమలు రాకముందు గాలిలో ప్రతి పది లక్షల భాగాలకు 280 ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు.

దీన్ని పెళ్లి పంక్తిలో పెట్టి చూద్దాం. సాంబారు వడ్డించేవాడి బకెట్ పెద్దదైంది. అది ఆకాశం. మన విస్తరిని పక్కవాడు మడిచి మడిచి తమలపాకంత చేశాడు. అది నాలా. సాంబారు ఒళ్లో పడింది. తప్పు బకెట్‌దా, విస్తరిదా? రెండిటిదీ. నాయకులు బకెట్‌నే తిడతారు, ఎందుకంటే దానికి ఓటు లేదు. మనం నాయకుల్ని తిడతాం, విస్తరి మడిచిన చేతుల్లో మనదీ ఒకటుందేమో చూసుకోం.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కు చదివే పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా పారిస్ ఒప్పందం 2015 అని చెప్తారు. మీ హాస్టల్ పక్క నాలా ఎక్కడ కలుస్తుంది అంటే మాత్రం "ఆప్షన్లు ఇవ్వండన్నా" అంటారు.

ఇక్కడ నవ్వు ఆపేద్దాం. 2024 జూలైలో ఢిల్లీ ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోకి వాన నీళ్లు దూసుకొచ్చి, అక్కడి లైబ్రరీలో చదువుకుంటున్న ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. అశోక్ నగర్‌లాంటి చోట గది వెతుక్కునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అద్దె ఎంత అని అడిగే ముందు ఇది సెల్లారా, నీళ్లొస్తే బయటికి దారి ఎటు అని అడగండి. బకెట్ చిన్నది చేయడానికి ప్రపంచమంతా కలిసినా తరాలు పడుతుంది. విస్తరి విప్పడం ఈ ఊరు చేయగల పని. ఆ రెండూ జరిగేదాకా మీ ప్రాణం మీరు కాపాడుకోండి.

ఉంటానండీ.