పేరు తీసెయ్యడానికి చట్టం కావాలా? - కె.బి.ఆర్. పార్కు, 1969, దళితుల లెక్క

హైదరాబాదులో వీధి పేరు, పేట పేరు, పార్కు పేరు ఏది తీసుకున్నా ఎక్కువగా పాలించినవాడి పేరే తగులుతుంది. హిమాయత్‌నగర్ అంటే ఏడో నిజాం పెద్దకొడుకు హిమాయత్ అలీ ఖాన్ పేరు. ఆయన్నే ఆజం జా అని కూడా అంటారు. ఆయన కొడుకు ముకర్రం జాకు చెందిన చిరాన్ ప్యాలెస్ బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మధ్య దాదాపు 390 ఎకరాల రాళ్లగుట్టల అడవిలో ఉంది. ఆ అడవి 1998లో నేషనల్ పార్కు అయ్యింది. పెట్టిన పేరు కాసు బ్రహ్మానందరెడ్డి. తండ్రి పేరు పేటకు మిగిలింది. కొడుకు ప్యాలెస్ ఉన్న అడవికి మాత్రం మాజీ ముఖ్యమంత్రి పేరొచ్చింది. రాజు పోయి రెడ్డి వచ్చాడు. ఆ గుట్టల్లో రాళ్లు కొట్టినవాళ్ల పేరు, గోడలు కట్టినవాళ్ల పేరు అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు.

1969లో తెలంగాణ విద్యార్థుల మీద తుపాకులు పేలిన కాలపు ముఖ్యమంత్రి పేరు తెలంగాణ రాజధాని నడిబొడ్డున ఉండాలా? తీసెయ్యాలంటే శాసనసభ ఏం చెయ్యాలి? ఈ రెండు ప్రశ్నలకు మూడోది కలిపి చర్చించాలని మా ఉద్దేశం. ఈ పేర్ల కొట్లాటలో దళితులు ఎక్కడ నిలబడాలి?

ఆ ఏడున్నరేళ్లు

బ్రహ్మానందరెడ్డి 1964 ఫిబ్రవరి 29న ముఖ్యమంత్రి అయ్యాడు, 1971 సెప్టెంబరు 30న దిగిపోయాడు. 1956 ఫిబ్రవరి నాటి పెద్దమనుషుల ఒప్పందం కాగితం మీదే మిగిలిపోయిందనీ, ముల్కీ నిబంధనలు అమలు కావడం లేదనీ 1969 జనవరిలో ఖమ్మం, పాల్వంచ వైపు రాజుకున్న నిప్పు నెల తిరక్కుండా తెలంగాణ అంతా అంటుకుంది. ప్రభుత్వం జనవరి 19న అఖిలపక్ష ఒప్పందం చేసుకుంది. ఆ వారంలోనే సదాశివపేటలో పోలీసు కాల్పులు జరిగాయి. ఏడాది పొడుగునా కాల్పులు, లాఠీలు, జైళ్లు. చనిపోయినవాళ్లు 369 మంది అని ఉద్యమం చెప్పే లెక్క. సర్కారు లెక్క దానికి చాలా తక్కువ. వాళ్ల జ్ఞాపకంగా గన్‌పార్కులో ఎక్కా యాదగిరిరావు చెక్కిన స్తూపానికి 1970లో పునాది పడితే, పూర్తయ్యేసరికి 1975 వచ్చింది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితి 14 సీట్లకు 10 గెలిచి జనం తీర్పు ఏమిటో చూపించింది. ఆ ఏడాదే ముఖ్యమంత్రి మారాడు.

ఇది తెలంగాణవాదులు చెప్పే చరిత్ర. ఇది నిజమే గాని సగమే. మిగతా సగం మేము చెప్పాలి.

1968 ఫిబ్రవరిలో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం నెపం పెట్టి కట్టేసి, నిప్పంటించి చంపారు. అప్పుడూ ముఖ్యమంత్రి ఈయనే. కోటేశుది ఆంధ్ర ప్రాంతం కాబట్టి తెలంగాణ అమరుల జాబితాలోకి రాడు. దళితుడు కాబట్టి ఆంధ్ర ఆత్మగౌరవం లెక్కలోకీ రాడు. ప్రాంతం పేరుతో రాసే చరిత్రలో మనవాళ్ల చావుకి చోటు దొరకదనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి? శ్రీకాకుళం గిరిజన పోరాటాన్ని అణచివేసిందీ ఆ ప్రభుత్వమే. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం 1970 జులైలో చనిపోయారు. ఆ తర్వాత ఈ నాయకుడే కేంద్రానికి పోయి ఎమర్జెన్సీ కాలంలో దేశానికి హోంమంత్రిగా ఉన్నాడు.

అయితే లెక్క చెప్పేటప్పుడు అటువైపు కూడా చెప్పాలి. గిరిజనుల భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా కట్టడి చేసిన 1/70 వచ్చింది ఆ కాలంలోనే. అనంతరామన్ కమిషన్ సిఫార్సుల మీద వెనుకబడిన కులాలకు ఎ, బి, సి, డి గ్రూపులుగా 25 శాతం రిజర్వేషన్ ఇచ్చిన ఉత్తర్వు 1970 సెప్టెంబరులో వచ్చింది. హిమాయత్‌నగర్‌లో మన పిల్లలు పుస్తకాల కోసం క్యూ కట్టిన తెలుగు అకాడమీ పుట్టింది 1968లో. అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్ పరీక్షలకు చదివే బహుజన విద్యార్థి చేతిలో ఆ అకాడమీ పుస్తకమే ఉంటుంది. ఇవన్నీ ఆయన దయ అని మేము అనడం లేదు. 1/70 వెనక శ్రీకాకుళం గిరిజనుల నెత్తురుంది. బి.సి. రిజర్వేషన్ వెనక ఏళ్ల తరబడి సాగిన పోరు ఉంది. కానీ ఒక పేరు తీసెయ్యమని అడిగేవాళ్లు పూర్తి చిట్టా ముందు పెట్టి అడగాలి. లేకపోతే రేపు ఎదుటివాడు ఆ చిట్టాలో నుంచి ఒక కాగితం తీసి మన నోరు మూయిస్తాడు.

చట్టం ఏమంటుంది?

చాలామంది ఇదేదో పెద్ద బిల్లు కావాల్సిన పని అనుకుంటారు. కాదు. ఒక పేరు ఎక్కడ రాసి ఉందో చూస్తే దాన్ని ఎవరు చెరపగలరో తెలుస్తుంది.

యూనివర్సిటీ పేరు చట్టంలో ఉంటుంది. కాబట్టి శాసనసభ సవరణ బిల్లు కావాలి. విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం చూడండి. 1986లో పుట్టింది, 1998లో ఎన్టీఆర్ పేరు చేరింది. 2022 సెప్టెంబరు 21న ఆంధ్ర అసెంబ్లీ దాన్ని వై.ఎస్.ఆర్. పేరుకు మార్చింది. ప్రభుత్వం మారగానే 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరు వచ్చింది. రెండేళ్లలో రెండు బిల్లులు. కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు దళితుల్ని చంపినప్పుడు ముఖ్యమంత్రి ఎవరు అన్న ప్రశ్న ఆ రెండు బిల్లుల్లో దేన్నీ నడిపించలేదు. కొట్లాటంతా రెండు పార్టీల మధ్య, రెండు కుటుంబాల మధ్య.

తెలుగు విశ్వవిద్యాలయం కథ ఇంకోలా నడిచింది. 1985లో పుట్టి, తర్వాత పొట్టి శ్రీరాములు పేరు పెట్టుకున్న ఆ సంస్థ విభజన చట్టం పదో షెడ్యూలులో ఉంది. పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ బిల్లు పెట్టి సురవరం ప్రతాపరెడ్డి పేరుకు మార్చింది. ఆర్యవైశ్యులు నొచ్చుకోకుండా చర్లపల్లి రైల్వే టెర్మినల్‌కు శ్రీరాములు పేరు పెట్టమని కేంద్రాన్ని అడుగుతామని ముఖ్యమంత్రి అన్నాడు. సభలో ప్రాంతం మాట వచ్చింది, కులం లెక్క కూడా వచ్చింది. రానిది ఒక్కటే. ఈ శ్రీరాములే 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితుల్ని రానివ్వాలని నిరాహారదీక్ష చేశాడు. 1952లో 58 రోజుల దీక్ష చేసి చనిపోయిన శ్రీరాములు అందరికీ గుర్తు. 1946 శ్రీరాములు పెట్టేవాడికీ పనికిరాలేదు, తీసేవాడికీ పనికిరాలేదు.

ఇక జిల్లా పేరుకు బిల్లు అక్కర్లేదు. 1974 జిల్లాల చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, 30 రోజులు అభ్యంతరాలు విని, తుది నోటిఫికేషన్ ఇస్తే చాలు.

మరి కె.బి.ఆర్. పార్కు? నేషనల్ పార్కును ప్రకటించేది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వ నోటిఫికేషన్. హద్దులు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫార్సు కావాలి. పేరు మార్చడమంటే హద్దు జరపడం కాదు. నోటిఫికేషన్ ఇచ్చే అధికారం ఉన్నవాడికి దాన్ని సవరించే అధికారం కూడా ఉంటుందని 1897 జనరల్ క్లాజెస్ చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. పార్కు చుట్టూ పర్యావరణ సున్నిత ప్రాంతం గురించి 2020లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో కూడా ఈ పేరే ఉంది, కాబట్టి అక్కడికీ ఒక ఉత్తరం రాయాల్సి వస్తుంది. అంతే. తలుచుకుంటే సెక్రటేరియట్‌లో ఒక్కరోజు పని.

మరెందుకు కాలేదు?

2014 నుంచి 2023 దాకా ఉద్యమ పార్టీయే ఏలింది. వ్యవసాయ విశ్వవిద్యాలయానికి జయశంకర్ పేరు, ఆరోగ్య విశ్వవిద్యాలయానికి కాళోజీ పేరు, ఉద్యాన విశ్వవిద్యాలయానికి కొండా లక్ష్మణ్ పేరు వచ్చాయి. పార్కు పేరు కదల్లేదు. కొత్త సంస్థకు కొత్త పేరు పెట్టడం తేలిక. ఉన్న పేరు చెరపాలంటే ఎవరినో ఎదుర్కోవాలి. నగరంలో ఓట్లున్నాయి, పెట్టుబడులున్నాయి, పార్కు చుట్టూ కాపురముండేది ఎవరో అందరికీ తెలిసిందే. 2023 డిసెంబరు నుంచి ఉన్నది కాంగ్రెస్ ప్రభుత్వం. బ్రహ్మానందరెడ్డి ఆ పార్టీ ముఖ్యమంత్రి, 1977లో అఖిల భారత అధ్యక్షుడు. తన ఇంటి పెద్దను తనే గడప దాటిస్తుందా?

119 మంది సభలో 19 సీట్లు ఎస్.సి.లకు రిజర్వు అయినవి. వాళ్లలో ఎవరైనా అనధికార తీర్మానం పెట్టొచ్చు. నెగ్గినా అది ప్రభుత్వాన్ని కట్టిపడెయ్యదు గాని, కోటేశు పేరు సభా రికార్డులోకి ఎక్కుతుంది. అది చిన్న పని కాదు. అయితే రిజర్వుడు సీటు సభ్యుడు పార్టీ టికెట్ మీద గెలిచి, పార్టీ విప్ కింద కూర్చుంటాడు. పూనా ఒప్పందం నుంచీ మనం మోస్తున్న బరువే ఇది.

చట్టం ఒక్కటే చాలదనడానికి మహారాష్ట్ర సాక్ష్యం ఉంది. మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు పెట్టాలని 1978 జులై 27న అక్కడి శాసనసభ తీర్మానించింది. ఆ వెంటనే దళితవాడలు తగలబడ్డాయి. పేరు రావడానికి 1994 జనవరి 14 దాకా, పదహారేళ్లు పట్టింది. అదీ పాత పేరు ఉంచి పక్కన చేర్చడమే. మన దగ్గర 2022 మే 24న అమలాపురంలో ఏం జరిగింది? కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు కలుపుతామన్నందుకు మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. మంత్రి దళితుడు. రెడ్డి పేరు పార్కుకు పెడితే అది పేరు, అంబేడ్కర్ పేరు జిల్లాకు పెడితే అది గొడవ!

మేము ఎటు?

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. నోటిఫికేషన్‌తో పేరు తీసే అలవాటు చేస్తే అది కె.బి.ఆర్. దగ్గర ఆగదు. 2020 కార్పొరేషన్ ఎన్నికల ప్రచారంలో హైదరాబాదును భాగ్యనగర్ చేస్తామని యోగి ఆదిత్యనాథ్ వచ్చి చెప్పిపోయాడు. రేపు హిమాయత్‌నగర్, ఉస్మానియా, పక్కవీధిలో ఉన్న మఖ్దూం భవన్ వరుసలోకి వస్తాయి. పాలకుడి పేరు తీసెయ్యడం ఒకటి, ఒక మతం జనం ఆనవాళ్లు తుడిచెయ్యడం ఇంకొకటి. ఈ తేడా స్పష్టంగా చెప్పకుండా మేము ఏ పేరు మార్పుకూ చప్పట్లు కొట్టలేం. 2011 మార్చి 10న ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు కూలినప్పుడు కూడా ఈ తేడా ఎవరూ అడగలేదు. ఘానా విశ్వవిద్యాలయంలో నల్లజాతి అధ్యాపకులు, విద్యార్థులు గాంధీ విగ్రహం వద్దన్నప్పుడు ఆయన రాతలు ముందు పెట్టి వాదించారు, 2018 డిసెంబరులో అది తొలగింది. వాదన, రుజువు ముందు, తొలగింపు తర్వాత. ఆ పద్ధతి నేర్చుకోదగ్గది.

అందుకే మేము అడిగేది ఇది. పేరు తీసేముందు కారణాలు రాతపూర్వకంగా చెప్పాలి. జిల్లాలకు ఉన్నట్టే అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి. దాని కోసం శాసనసభ ఒక చిన్న చట్టం చేస్తే, శాసనసభ నిజంగా చెయ్యాల్సిన పని అదే. జనం మీద కాల్పులు, కులహత్యలు, నిర్బంధం - ఈ మూడింటికి బాధ్యులైన పాలకులు ఏ ప్రాంతంవాళ్లయినా ఏ పార్టీవాళ్లయినా ఒకే కొలత ఉండాలి. తీసేసిన పేరు ఎందుకు పెట్టారో, ఎందుకు తీశారో అక్కడే పలక మీద రాసిపెట్టాలి.

ఇంకా ముఖ్యం, ఖాళీ అయిన చోట ఎవరు? రెడ్డి పోయి ఇంకో రెడ్డి, రావు పోయి ఇంకో రావు వస్తే మాకేమిటి? 1969లో ఆ ముఖ్యమంత్రికి ఎదురు నిలిచినవాళ్లలో ఇద్దరు దళిత స్త్రీలున్నారు. మెహతర్ కులంలో పుట్టి మంత్రి అయిన, ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి మహిళా డిప్యూటీ స్పీకర్ అయిన టి.ఎన్. సదాలక్ష్మి ఒకరు. రిపబ్లికన్ పార్టీ తరఫున 1967లో ఎల్లారెడ్డి నుంచి గెలిచి, సభలో దళితుల గొంతు వినిపించిన ఈశ్వరీబాయి ఇంకొకరు. ఉద్యమం గెలిచింది, రాష్ట్రం వచ్చింది. 390 ఎకరాల మీద పేరు మాత్రం వాళ్లెదిరించినవాడిది.

పార్కు గేటు మీద బోర్డు మార్చడానికి ఒక్కరోజు చాలు. ఆ బోర్డు మీద సదాలక్ష్మి పేరు రాయడానికి ఎన్నాళ్లు పడుతుందో, ఈ రాష్ట్రం ఎవరిదో అప్పుడు తెలుస్తుంది.