బిళ్ళల లెక్క

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. మా ఉప్పలగుప్తంలో ఏ అమ్మమ్మనడిగినా ఈ సంగతి చెబుతుంది. దెబ్బ కాలికి, బిళ్ళ గజ్జలో! ఈ రెంటికీ చుట్టరికమేమిటని అడిగిన పిల్లలకి మాత్రం "పోయి ఆడుకోండర్రా" అన్నదే జవాబు.

చుట్టరికం ఉంది. మన ఒంట్లో రక్తనాళాలతో పాటు మరో సన్నకాలవల వరస ఉంది. అందులో పారే తేటనీటిలాంటి ద్రవం పేరు లింఫ్. పంటకాలవల మధ్య పెరిగిన కోనసీమవాళ్ళకి ఇంతకన్నా విడమర్చి చెప్పాలా? కాలవకి లాకులున్నట్టే ఈ దారిలో చిక్కుడుగింజల్లాంటి బిళ్ళలు కాపలా ఉంటాయి. వచ్చిన సూక్ష్మజీవుల్ని అక్కడే నిలేస్తాయి. ఈ కాలవల్లో పురుగులు కాపురం పెట్టి దారి పాడుచేస్తే వచ్చేదే బోదకాలు.

ఊపిరితిత్తుల్లో పుట్టిన కేన్సరు కూడా ఈ కాలవల వెంట ప్రయాణం కడుతుంది. అందుకే ఆపరేషనులో గడ్డతో పాటు చుట్టుపక్కల బిళ్ళల్నీ తీసి పరీక్షకి పంపుతారు. రోగి ముందుకాలం ఎలా ఉంటుందో అవి కొంత చెబుతాయి.

ఈ చదువు ఒక్కరోజులో రాలేదు. 1933 ఏప్రిల్ 5న అమెరికాలోని సెయింట్ లూయీలో ఇవార్ట్స్ గ్రాహం అనే సర్జను, పురుళ్ళు పోసే డాక్టరైన జేమ్స్ గిల్మోర్‌కి కేన్సరు పట్టిన ఎడమ ఊపిరితిత్తిని ఒక్కసారిగా తీసేశాడు. ఆపరేషనుకి ముందు గిల్మోర్ పళ్ళు బాగుచేయించుకున్నాడట, శ్మశానంలో స్థలమూ కొనుక్కున్నాడట! ఆశకింత, నిరాశకింత ఖర్చు పెట్టాడన్నమాట. ఆశే గెలిచింది. మరో 30 ఏళ్ళు బతికాడు. పాపం, సిగరెట్టుకీ ఈ కేన్సరుకీ ఉన్న సంబంధాన్ని 1950లో వైండర్‌తో కలిసి లోకానికి చూపిన గ్రాహం మాత్రం, తనూ ఏళ్ళ తరబడి సిగరెట్లు కాల్చినవాడే కావడంతో, 1957లో అదే జబ్బుతో పోయాడు. లంక పొగాకు చుట్ట రుచిని పొగిడే మన మగవాళ్ళు ఈ కథ వినాలి.

ఒకరు 30 ఏళ్ళు, ఒకరు కొద్ది వారాలే. ఎందుకీ తేడా? ఫ్రెంచి డాక్టరు పియర్ దెన్వా 1943-52 మధ్య మూడు ప్రశ్నలు కూర్చాడు: గడ్డ ఎంత, బిళ్ళలకి పాకిందా, దూరానికి పోయిందా? 1978లో జపాను సర్జను నారుకే, ఛాతీలోని బిళ్ళల చోట్లకి నంబర్లు వేసిన పటం ప్రచురించాడు. అప్పటినుంచి "పాకిందా?" అన్న ప్రశ్న పక్కన "ఎక్కడిదాకా?" అన్నదీ గట్టిగా నిలబడింది.

1999 నుంచి 2010 దాకా చికిత్స పొందినవాళ్ళ లెక్కలు ఎన్నో దేశాల నుంచి సేకరించారు. ఆపరేషనులో తీసిన బిళ్ళలు శుభ్రంగా ఉన్నవాళ్ళలో ఐదేళ్ళు గడిచినా బతికున్నవాళ్ళు నూటికి 75. జబ్బు వైపు ఊపిరితిత్తిలోని, దాని మొదలు దగ్గరి బిళ్ళలకి సోకితే 49. అదే వైపున ఛాతీ నడుమనున్న బిళ్ళలదాకా పోతే 36.

ఇక్కడే ఒక మెలిక ఉంది. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. బిళ్ళల దగ్గర ఆ సామెత చెల్లదు. రెండు బిళ్ళలు చూసి "శుభ్రం" అన్నా ఆ మాటే, ఇరవై చూసి అన్నా ఆ మాటే. కానీ ధైర్యం ఒకటేనా? అందుకే కనీసం ఆరు చూడమన్నారు: మూడు ఛాతీ నడుమవి, మూడు ఊపిరితిత్తి వైపువి. నాలుగింట్లో రెండు చెడడం వేరు, ఇరవైలో రెండు చెడడం వేరు కాబట్టి ఆ పాలు కూడా లెక్కకట్టి చూస్తున్నారు. 2025 నుంచి అమల్లోకొచ్చిన పద్ధతిలో, ఛాతీ నడుమ ఒక్క చోటే సోకినవాళ్ళనీ పలుచోట్ల సోకినవాళ్ళనీ విడదీశారు.

మన ఇళ్ళలో ఆసుపత్రి కాగితాలు బీరువాలో భద్రపరిచేది ఎవరు? మనమేగా! దాచడంతో ఊరుకోకుండా డాక్టరుగారిని మూడు మాటలు అడుగుదాం. ఎన్ని బిళ్ళలు తీశారు? ఎన్నింట్లో ఉంది? అవి ఎక్కడివి? అడగడంలో తప్పులేదు, మర్యాదకీ లోటు లేదు.

జవాబులో అంకెలు వినిపిస్తే గుండె జారిపోనక్కర్లేదు. నూటికి 36 అన్నది వందమంది లెక్క. మనింటి మనిషి ఆ వందలో ఎటువైపో ఏ పటమూ చెప్పదు. శ్మశానంలో స్థలం కొనుక్కున్న గిల్మోర్‌కి 30 ఏళ్ళ దాకా దాని అవసరమే రాలేదు.