పుట్టింటి వస్తాదు, మెట్టింటి రాకుమారుడు

నేను పుట్టింది శ్రీకాకుళం. నన్నిచ్చింది విజయనగరం. రెండూళ్ళలోనూ ఒక్కో చిన్న స్టేడియం ఉంది. పుట్టింటి దానికి కోడి రామ్మూర్తి పేరు, మెట్టింటి దానికి విజ్జీ పేరు. పెళ్ళయిన కొత్తలో మావారితో పోట్లాడ్డానికి కూరలో ఉప్పు చాలనప్పుడల్లా ఈ పేర్లే అక్కరకొచ్చేవి.

"మీ రాకుమారుడు 3 టెస్టులాడి 33 పరుగులు తీశాడట!" అనేదాన్ని నేను.

"మీ వస్తాదు ఏనుగుని గుండెల మీద ఎక్కించుకుంటే మీ ఊరికేం ఒరిగిందిట?" అనేవారాయన.

తీరా చదివితే ఇద్దరమూ ఓడిపోయాం. 1882లో వీరఘట్టంలో పుట్టిన రామ్మూర్తిగారు పెరిగిందీ, కుస్తీలు నేర్చిందీ, కొన్నాళ్ళు బడిలో వ్యాయామ శిక్షకుడిగా పనిచేసిందీ విజయనగరంలోనే! పైగా 2022లో జిల్లాలు చీల్చాక వీరఘట్టం కూడా పార్వతీపురం మన్యం జిల్లాకి పోయింది. ఇంకేం చెప్పి గొప్పలు పోను? ఆయన ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసుని ఊపిరి బిగబట్టి తెంపేవాడు. కార్లని గొలుసులతో పట్టి కదలనిచ్చేవాడు కాదు. సర్కస్ కట్టి ఊరూరా తిరిగాడు. ఆయనకి స్టేడియం ఎందుకు? డేరా ఎక్కడ వేస్తే అదే. 1942లో పోయాడు, అదీ సొంతూళ్ళో కాదు, ఒరిస్సాలో.

విజ్జీ అంటే విజయనగరం మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు. ఆయన కాపురమూ కాశీలోనే. 1936లో ఇంగ్లండు వెళ్ళిన జట్టుకి కెప్టెన్ అయింది బ్యాటు బలంతో కాదని క్రికెట్ తెలిసినవాళ్ళందరూ అంటారు. లాలా అమర్‌నాథ్ అంతటి ఆటగాణ్ణి పర్యటన మధ్యలో ఇంటికి పంపేసిన అపఖ్యాతి ఆ జట్టుది. అయితే 1930-31లో హాబ్స్, సట్‌క్లిఫ్‌లని మన దేశం రప్పించి ఆడించిందీ ఈయనే. డబ్బున్నవాడి సరదా అందామా? అందాం. ఆ సరదావల్లే ఎందరో కుర్రాళ్ళు అంత గొప్ప ఆటని కళ్ళారా చూశారు. ఇంగ్లండు వాళ్ళిచ్చిన 'సర్' బిరుదుని 1947లో వదిలేశాడు కూడా. ఈ సంగతి మాత్రం మావారికి చాలాకాలం చెప్పలేదు.

స్టేడియం అనగానే టీవీలో క్రికెట్టే గుర్తొస్తుంది మనకి. మా చిన్న ఊళ్ళ స్టేడియాల సంగతి వేరు. స్కూలు పోటీలు, కబడ్డీ, షుగరుందని డాక్టరు నడవమన్న పెద్దలు, మిలట్రీకో పోలీసుకో ఎంపిక కావాలని చీకటితోనే వచ్చి పరిగెత్తే పిల్లలు. అందులో ఆడపిల్లలా? నా చిన్నప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నేను లాంగ్‌జంప్‌కి పేరిచ్చానని తెలిసి మా మామ్మ "ఆడగుంటకి గ్రౌండులో ఏటే పని?" అని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. నా ఆట అక్కడితో సరి.

ఆ మామ్మే 2000 సెప్టెంబరులో పేపరు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "ఆమదాలవలస గుంటట, ఏటి రాశారో చదువు!"

ఊసవానిపేట కరణం మల్లీశ్వరి సిడ్నీలో కంచు పతకం గెల్చింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి వెయిట్‌లిఫ్టింగ్ పెట్టడమే అదే మొదలు. మన దేశపు ఆడపిల్ల ఎవరికైనా ఒలింపిక్ పతకం రావడమూ అదే మొదలు. 110, 130, మొత్తం 240 కిలోలు.

"అంటే ఎన్ని బస్తాలు?" అంది మామ్మ.

"రెండోసారి ఎత్తింది వంద కిలోల బియ్యం బస్తా, దాని మీద ఇంకో ముప్ఫై కిలోలు."

మామ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నువ్వు ఎంత దూరం దూకేదానివే?" అంది. నాకు కోపమొచ్చింది, నవ్వూ వచ్చింది. దూకితే కదా తెలిసేది!

ఇప్పుడు షుగరున్న పెద్దల జాబితాలో నేనూ చేరి విజ్జీ స్టేడియంలో నడుస్తున్నాను. మొన్నొక పిల్ల చున్నీ నడుముకి బిగించి, తన ఫోను నా చేతిలో పెట్టింది. "ఆంటీ, కాస్త టైం చూస్తారా? కానిస్టేబుల్ పరీక్షకి. వంద మీటర్లు 18 సెకన్లలో రావాలి."

పరిగెత్తింది. నేను బటన్ నొక్కాను.

"పందొమ్మిది" అన్నాను, కొంచెం భయంగా.

"మళ్ళీ చూడండి ఆంటీ" అంటూ గీత దగ్గరికి నడిచింది.