ఓడ పెట్టె నుంచి డాకర్ పెట్టె దాకా



పలాసలో డబ్బాకెత్తి సీలు వేసిన జీడిపప్పు లారీ ఎక్కినా రైలెక్కినా చెక్కుచెదరదు. మోసేవానికి లోపలి సరకుతో పనిలేదు. ఈ సూత్రాన్నే మాల్కం మెక్‌లీన్ ఓడలకు అన్వయించాడు. 1956 ఏప్రిల్ 26న ఆయన 'ఐడియల్ ఎక్స్' నౌక 58 లోహపు పెట్టెలతో నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు బయలుదేరింది.

కంప్యూటరులో ఇట్టి పెట్టెకు బీజం 1979 నాటి యూనిక్స్‌లోని 'సీహెచ్‌రూట్'. ఒక ప్రోగ్రాముకు ఒక్క ఫోల్డరునే సర్వప్రపంచంగా చూపే ఏర్పాటది. 2000లో ఫ్రీబీఎస్‌డీ 'జైల్' ఆ గోడలను గట్టిపరచింది. 2013లో డాకర్ ఆ విద్యను సామాన్యులకు అందించింది.

ఆ సామాన్యులలో నేనొకణ్ణి. ఉద్దానం పల్లెల మాటలను పోగుచేసి, చిన్న పదకోశాన్ని వెబ్ అప్లికేషన్‌గా కట్టాను. డాకర్‌ఫైలు పాకవిధానం వంటిది: ఏ పునాదిపై, ఏ లైబ్రరీలతో, ఏ ఆజ్ఞతో మొదలుకావాలో వరుసగా వ్రాయాలి. మార్పును గిట్‌హబ్‌కు పంపగానే, మనం ముందే వ్రాసిపెట్టిన సూచనల ప్రకారం 'యాక్షన్స్' పరీక్షలు జరిపి, పెట్టె కట్టి, సర్వరుకు చేరుస్తుంది.

కొత్తవారు మరువరాని ధర్మమొకటి ఉంది. పెట్టె అశాశ్వతం; కొత్తది రాగానే పాతది తొలగిపోతుంది. కనుక పదాలు పెట్టె వెలుపల డేటాబేసులో ఉండాలి, దాని నకలు వేరొక చోట ఉండాలి.

అంతర్జాలంలో ఉచిత వసతి కూడా శాశ్వతం కాదు. జియోసిటీస్ 2009లో మూతపడింది. హెరోకు ఉచిత సేవ 2022 నవంబరులో ముగిసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు మా ఉద్దానంలో కూలిన కొబ్బరిచెట్లను మళ్ళీ నిలబెట్టలేకపోయాము. పదకోశం అట్లా కాదు. వ్రాసిన విధానమూ నకలూ భద్రంగా ఉంటే, వేరొక సర్వరుపై మళ్ళీ నిలబడుతుంది.